టేకు, స్కేట్, లాటిన్ పేరు: సీసా మీద ఏది రాయాలి?

ఆదివారం పొద్దున గుంటూరు చేపల మార్కెట్లో నిజాంపట్నం సరుకు దిగింది. ఐసు మీద చాటంత చేప ఒకటి, ఇంగ్లీషులో రే అనేది, పడుకుని ఉంది. "టేకు మేడం, ముల్లు తీసేసి ముక్కలు కొట్టిస్తా," అంది అమ్మే అక్క. అనడమే కాదు, తోక మొదట్లో కత్తి ఆనించి ముల్లుతో సహా ఒక్క దెబ్బకు తెగ్గొట్టి పక్కన పడేసింది. చేపను వెల్లకిలా తిప్పమన్నాను. నోటికి కాస్త వెనక, పొట్ట వైపు, అటు ఐదు ఇటు ఐదు మొప్పల చీలికలు. సొరకైతే ఇవి పక్కల్లో ఉంటాయి. టేకులనూ వాటి చుట్టాలనూ సొరల నుంచి విడదీసే గుర్తు ఇదే.

మర్నాడు మా కాలేజీ ల్యాబులో పాత సీసా చూశాను. దాని మీద చీటీ: "స్కేట్, రాజా". లోపల చేప తోక కొరడాలా సన్నగా సాగి ఉంది, దాని మీద రెండంచులా రంపపు పళ్ళున్న ముల్లు. రాజా అనే స్కేట్ల ప్రజాతికి (దగ్గరి జాతుల గుంపుకు) అలాంటి ముల్లు ఉండదు. ఎన్ని బ్యాచులు ఆ చీటీ చూసి రికార్డులో బొమ్మ వేసుకున్నాయో తలుచుకుంటే మనసు చివుక్కుమంది. చీటీ మార్చాలి. మార్చి ఏం రాయాలి? మూడు దారులున్నాయి: ఇంగ్లీషు పేరు, తెలుగు పేరు, లాటిన్ పేరు.

ముందు ఇంగ్లీషు సంగతి తేల్చేస్తాను. స్కేట్ తోలుసంచి లాంటి గుడ్డు పెడుతుంది, నాలుగు మూలలా కొమ్ములుంటాయి దానికి. తోక కాస్త లావు, చాలావాటికి చివర్లో రెండు చిన్న రెక్కలుంటాయి. ముల్లున్న టేకు పిల్లల్నే కంటుంది. తేడా బాగానే ఉంది, కానీ రే అనే మాటను ఒకసారి ముల్లు టేకుకే వాడతారు, ఇంకోసారి స్కేటుతో సహా మొత్తం గుంపుకీ వాడతారు. పైగా మన సముద్రంలో స్కేట్లు ఎక్కువగా లోతు నీళ్ళవి, బజారుకు దాదాపు రావు. మనం రోజూ చూడని చేప పేరు మనం రోజూ తినే చేపకు తగిలించడం వల్లే ఆ సీసా తప్పు వచ్చింది. మూడింటిలో ఇది నాకు ఆఖరిది.

తెలుగు పేరు ఊరికే బజారు మాట అనుకునేవాళ్ళు ప్యాట్రిక్ రసెల్ సంగతి తెలుసుకోవాలి. ఇంగ్లీషులో రక్తపింజరకు ఎవరి పేరు పెట్టారో ఆ వైద్యుడే. విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల బొమ్మలూ వర్ణనలూ 1803లో అచ్చువేశాడు, జాలర్లు చెప్పిన పేర్లతో సహా. టేకు జాతుల పేర్లలో "టెంకీ" అని వినిపిస్తుంది. కరెంటు చేపకు "తెమెరీ" అని రాశాడు. చదవగానే మనకు తిమ్మిరి గుర్తొస్తుంది. లాటిన్ టార్పెడో, గ్రీకు నార్కే, ఈ చేపల పేర్లలో ఉన్న ఈ రెండు మాటలకూ మొద్దుబారడమనే అర్థం. చెయ్యి పెట్టినవాడి అనుభవమే మూడు భాషల్లోనూ పేరైంది! రసెల్ రాసుకున్న "ఎరెగూడూ టెంకీ" అయితే ఏకంగా శాస్త్రంలోకే వెళ్ళింది. 1849లో కాంటర్ అనే శాస్త్రవేత్త దాన్నుంచే ఎరెగూడూ అనే జాతి పేరు పెట్టాడు. 2017లో ఆ జాతిని మరోదానిలో కలిపేశారు, 2020లో మళ్ళీ విడదీసి నిలబెట్టారు. మోబ్యులా ఎరెగూడూ అని ఇవాళ ప్రపంచమంతా రాసేది మన తీరపు మాటనే.

అయినా తెలుగు పేరు ఒక్కటే చాలదు. టేకు అన్న ఒక్క మాట కింద పది జాతులు సర్దుకుంటాయి. ఏ జాతి తగ్గిపోతోందో ఆ మాట చెప్పలేదు.

అది చెప్పగలిగేది లాటిన్ పేరే, అదీ సరిగ్గా పెడితేనే. ఐరోపాలో డిప్టూరస్ బాటిస్ అనే పెద్ద స్కేటును 1926 నుంచి ఒకే జాతిగా లెక్కవేశారు. అది రెండు జాతులని 2010లో తేలింది. ఒకటి రెండు మీటర్లు దాటి పెరుగుతుంది, ఆలస్యంగా ఈడుకొస్తుంది, కాబట్టి వేటకు త్వరగా తరిగిపోతుంది. ఇన్నేళ్ళూ దాని తరుగుదల రెండోదాని లెక్కలో కలిసిపోయింది. మన దగ్గరా ఇలాంటిదే జరిగింది. 2001లో వన్యప్రాణి చట్టంలో గట్టి రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో రింకోబేటస్ జిడ్డెన్సిస్ అనే గిటారు ఆకారపు చేపను చేర్చారు. ఆ పేరు నిజానికి హిందూ మహాసముద్రం పడమటి వైపు చేపది. మన వలల్లో పడేవి దాని దాయాదులు, లీవిస్, ఆస్ట్రేలియే అనే జాతులు.

"లాటిన్ పేర్లు ఊరికే మారుతుంటాయి మేడం," అని పిల్లలు విసుక్కుంటారు. నిజమే, హిమంటూరా గెరార్డి అనే టేకును 2016లో మాక్యులాబాటిస్ గెరార్డి చేశారు. కానీ ఆ మార్పు జాడ పేరులోనే ఉంటుంది. చివర (గ్రే, 1851) అని బ్రాకెట్లో రాస్తాం. అంటే ఈ జాతికి గ్రే 1851లో పేరు పెట్టాడు, తర్వాత ప్రజాతి మారింది అని. ఈ బ్రాకెట్ చదవడం నేర్పితే విసుగు సగం పోతుంది. ఎముకల్లేని ఈ చేపల బంధుత్వాలు డీఎన్ఏ వచ్చాక చాలా తిరగబడ్డాయి. రంపపు సొరలకు ఇవి దగ్గరి చుట్టాలనే వాదన అలాగే వీగిపోయింది. పేర్లు మారక ఏం చేస్తాయి?

కాబట్టి నా మాట: లాటిన్ పేరూ తెలుగు పేరూ రెండూ ఉండాలి, ఇంగ్లీషుది లేకపోయినా నష్టం లేదు. కొత్త చీటీ మీద పై వరుసలో "టేకు" అని, కింద "డాసియాటిడే" అని రాశాను. అది కుటుంబం పేరు. ముడుచుకుని రంగు వెలిసిన చేపను జాతి దాకా తేల్చడం నావల్ల కాలేదు, ఊహించి రాయడం ఇష్టం లేకపోయింది. పట్టిన రేవు, తేదీ ఖాళీగా వదిలాను, పాత చీటీలో అవి లేవు మరి.

అందుకే మరుసటి ఆదివారం ఆ అక్కను అడిగి, కొట్టకుండా ఒక చిన్న టేకు తెచ్చుకున్నాను. దాని సీసాలో చీటీ పెన్సిలుతో రాసి వేశాను, స్పిరిటులో ఇంకు కరిగిపోతుంది కదా. మొదటి మాట "నిజాంపట్నం".