బాఖరాఖ్ చెక్క ఇల్లా, కూస్ నేలమాళిగా: ఏది మేలు?

జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ వైపు ఉండే మనవాళ్లు అమ్మానాన్నలు వచ్చినప్పుడల్లా అడిగే ప్రశ్నే ఇది. నది పక్కన పాత ఊరు, చెక్క చట్రాల ఇళ్లు, కింద వైన్ నేలమాళిగ, ఈ మూడూ ఒకే రోజులో చూడాలంటే ఎక్కడికెళ్లాలి? రైన్ నది మీద బాఖరాఖా, మోసెల్ నది మీద బెర్న్‌కాస్టెల్-కూసా? నేను రెండూ చూశాను.

బాఖరాఖ్ చేరడం చాలా తేలిక. మైంజ్ నుంచి కోబ్లెంజ్ వైపు వెళ్లే లోకల్ రైలు ఊళ్లోనే ఆగుతుంది. దేశమంతా లోకల్ రైళ్లకు, బస్సులకు పనికొచ్చే నెలవారీ పాసు డాయిచ్‌లాండ్ టికెట్ ఉంటే అదే సరిపోతుంది. స్టేషన్ నుంచి కొద్దిగా నడిస్తే ఆల్టెస్ హౌస్ వస్తుంది. పేరుకు అర్థం 'పాత ఇల్లు', అంతే. 1368 నాటిదంటారు. నిలువు, అడ్డ, ఏటవాలు కొయ్యలతో చట్రం బిగించి, మధ్య ఖాళీలు పూడ్చి కట్టిన ఇల్లు. ఇప్పుడు అందులో కూర్చుని తిని, రీస్లింగ్ అనే తెల్ల వైన్ తాగొచ్చు.

వైన్‌లో ఈ ఊరికి పేరొచ్చిన కథ కూడా బాగుంటుంది. ఎగువన బింగెన్ దగ్గర నదిలో రాళ్లు అడ్డంగా ఉండేవి. అప్పట్లో పెద్ద పడవలు అక్కడ దాటలేకపోయేవి. చిన్న పడవల్లో వచ్చిన పీపాలను బాఖరాఖ్‌లో పెద్ద పడవలకు ఎక్కించేవాళ్లు. దాంతో ఎక్కడో పండిన వైన్ కూడా ఈ ఊరి పేరుతోనే చలామణీ అయ్యేది.

చిక్కల్లా రైలుతోనే. మనల్ని తెచ్చిన ఆ పట్టాలే ఊరికీ నదికీ మధ్య ఉన్నాయి. గూడ్సు బండి వెళ్లినంతసేపూ మాట ఆపి, ఒకరి మొహాలు ఒకరు చూసుకోవాలి.

బెర్న్‌కాస్టెల్-కూస్‌కి రైలు లేదు. దగ్గర్లోని విట్లిష్ స్టేషన్‌లో దిగి బస్సెక్కాలి. ఇక్కడి ష్పిట్స్‌హాయిస్‌షెన్ 1416 నాటి బుల్లి ఇల్లు. కింద సన్నగా, పై అంతస్తులు ముందుకు తోసుకొచ్చి, నెత్తిన గంప పెట్టుకున్నట్టు ఉంటుంది. సందులో బళ్లు తిరగడానికే కింద అలా సన్నగా కట్టారంటారు. ఫొటోకు భలే ఉంటుంది కానీ, లోపల నలుగురు కూర్చుంటే ఐదోవాడు బయటే.

అసలు సరుకు వంతెన అవతల, ఊరి రెండో సగమైన కూస్‌లో ఉంది. నికోలస్ కుసానుస్ అనే కార్డినల్ (క్యాథలిక్ చర్చి పెద్ద) 15వ శతాబ్దంలో ముసలివాళ్ల కోసం పెట్టిన ఆశ్రమం అది. 33 మందికి చోటు, క్రీస్తు వయసు లెక్కన. మన గుళ్లకు మాన్యాలున్నట్టు దీనికి ద్రాక్షతోటలున్నాయి. ఆశ్రమం ఇప్పటికీ నడుస్తోంది. వైన్ నేలమాళిగ దీని కిందే. పైన ఉన్నది చెక్క ఇల్లు కాదు, రాతి కట్టడం. అందుకే చాలామంది ఇటు రాకుండానే వెనక్కి తిరుగుతారు.

డబ్బు కట్టి, గ్లాసు తీసుకుని కమానుల కిందికి దిగాం. బయట జులై ఎండ, లోపల అమ్మ పమిట భుజాల చుట్టూ కప్పుకుంది. గోడ మీద చెయ్యి వేస్తే చెమ్మ. సీసాలు వరసగా తెరిచి ఉంటే మనమే కొద్దికొద్దిగా పోసుకుని రుచి చూడాలి. 'ట్రాకెన్' అని ఉంటే తీపి ఉండదు, మొదటి గుక్కకి చింతకాయ కొరికినట్టే. కొత్తవాళ్లు 'లీబ్లిష్', అంటే కాస్త తియ్యగా ఉండేది, దానితో మొదలుపెట్టడం మంచిది. అమ్మ మాత్రం చుట్టూ చూసి, "ఇంత చల్లగా ఉందే, ఇక్కడ ఆవకాయ జాడీలు పెట్టుకుంటే ఎంత బాగుండు" అంది. మందు ముట్టని నాన్న వంతెన దిగాక ద్రాక్షరసం తాగి, అదే గెలిచిందన్నాడు.

ఒక్కరోజే ఉంటే, కారు లేకపోతే బాఖరాఖ్‌కే వెళ్లండి. నేలమాళిగ కోసమే వెళ్తే కూస్, అనుమానం లేదు. కారులో వెళ్తే మాత్రం డ్రైవింగ్ చేసేవాడికి నాన్నకిచ్చిన గ్లాసే. బస్సులో వెళ్తే ఆఖరి బస్సు టైం ముందే చూసుకోండి. మేం చూసుకోలేదు, విట్లిష్ దాకా టాక్సీకి పోసిన డబ్బుతో ఇంకో నాలుగైదు సీసాలు వచ్చేవి.