లంబసింగి చలికి మందపాటి స్వెటరా, రెండు పలుచని పొరలా?

చలికాలం తెల్లవారుజామున నర్సీపట్నం నుంచి సైకిల్‌పై లంబసింగి ఘాట్ ఎక్కేవారిలో కొందరు మందపాటి ఉన్ని స్వెటర్‌నే నమ్ముకుంటారు. బయలుదేరేటప్పుడు అది హాయిగానే ఉంటుంది. ఎక్కుడు మొదలయ్యాక వీపంతా చెమటే. లోపల నూలు బనియను ఉంటే మరీ ఇబ్బంది, అది తడిని పీల్చుకుని ఒక పట్టాన వదలదు. సుమారు 1,000 మీటర్ల ఎత్తున్న ఊరు చేరి తిరిగి దిగడం మొదలుపెట్టగానే స్వెటర్ అల్లిక సందుల్లోంచి గాలి దూరుతుంది. వీపుకు అంటుకున్న ఆ తడి బట్ట గజగజ వణికిస్తుంది.

ఒంటికి అతుక్కునే పాలిస్టర్ టీషర్టు, పైన పలుచని విండ్‌చీటర్ వేసుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. పాలిస్టర్ తడిని అంతగా పీల్చుకోదు, త్వరగా ఆరుతుంది. ఎక్కేటప్పుడు విండ్‌చీటర్ జిప్పు పొట్టదాకా దించవచ్చు, దిగే ముందు మెడదాకా లాగితే చాలు. మొదటి పది నిమిషాలు కాస్త చలి వేస్తుంది, వేయాలి కూడా. అప్పుడే వెచ్చగా ఉందంటే ఎక్కువ తొడుక్కున్నట్లే.

నా ఓటు పొరలకే. స్వెటర్‌ను సంచిలో ఉంచి, పైన ఆగి టీ తాగేటప్పుడు వేసుకోండి. ఏది ఎంచుకున్నా వేళ్లు పూర్తిగా కప్పే గ్లౌజులు తప్పనిసరి. మొద్దుబారిన వేళ్లతో ఘాట్ మలుపుల్లో బ్రేకు పట్టడం ప్రమాదకరం.