చిన్న సర్వర్‌కి ప్రాక్స్‌మాక్స్ సరిపోతుంది

ఒకే కంప్యూటర్ మీద నాలుగైదు వర్చువల్ సర్వర్లు (అంటే ఒకే మెషీన్‌లో విడివిడి కంప్యూటర్లలా పనిచేసేవి) నడపాలనుకునేవాళ్లకి, చిన్న ఆఫీసుకైనా సరే, నేను ముందు చెప్పే పేరు ప్రాక్స్‌మాక్స్. డెబియన్ అనే లైనక్స్ మీద కట్టిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, 2008 నుంచి ఉంది. పూర్తి వర్చువల్ మెషీన్లకి కేవీఎం, హోస్ట్ లైనక్స్ కెర్నల్‌నే పంచుకునే తేలికైన లైనక్స్ కంటెయినర్లకి ఎల్‌ఎక్స్‌సీ అనే టెక్నాలజీలు వాడుతుంది, బ్రౌజర్‌లో ఆ సర్వర్ అడ్రస్ చివర 8006 పోర్టు పెట్టి తెరిస్తే రెండూ ఒకేచోట కనిపిస్తాయి. డబ్బు కట్టకపోయినా ఏ ఫీచరూ ఆగదు, కాకపోతే లాగిన్ అయినప్పుడు సబ్‌స్క్రిప్షన్ లేదని మెసేజ్ వస్తుంది, అప్‌డేట్ల కోసం ఉచిత రిపాజిటరీని (అప్‌డేట్లు దొరికే చోటు) మనమే పెట్టుకోవాలి. నాకు బాగా నచ్చింది బ్యాకప్. మెషీన్ నడుస్తుండగానే తీసుకుంటుంది, రోజూ ఒక టైమ్ పెట్టేస్తే ఇక టెన్షన్ ఉండదు. కానీ దయచేసి ఆ బ్యాకప్‌ని అదే డిస్క్‌లో ఉంచకండి, డిస్క్ పోతే మెషీనూ బ్యాకప్పూ రెండూ పోతాయి! డిస్క్‌లో డేటా దాచడానికి జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ వాడేట్టయితే ర్యామ్ కాస్త ఎక్కువే వేసుకోండి.