బ్రాహ్మి పొడిని పట్టించే హెచ్‌పీటీఎల్‌సీ: కొన్నేళ్ల వాడకం తర్వాత

ఆయుర్వేద ముడిసరుకుకి నాణ్యత పరీక్షలు చేయడం నా పని. విజయవాడలో మా ల్యాబ్‌కి బ్రాహ్మి పేరుతో రెండు మొక్కలు వస్తుంటాయి. ఒకటి నీటి బ్రాహ్మి, అంటే బకోపా మొన్నియెరి. రెండోది మన సరస్వతి ఆకు, సెంటెల్లా ఏషియాటికా. ఉత్తరాదిలో చాలాచోట్ల దీన్నే బ్రాహ్మి అంటారు. పచ్చిగా ఉన్నప్పుడు ఎవరైనా పోల్చుకుంటారు: బకోపాకి చిన్న మందపాటి ఆకులు, సరస్వతికి అంచుల్లో గాట్లున్న గుండ్రటి ఆకులు. ఎండి పొడైపోయాక కన్ను చాలదు. అప్పుడు హెచ్‌పీటీఎల్‌సీ కావాలి, అంటే సారంలోని రసాయనాలను సిలికా పూసిన ప్లేటు మీద వేర్వేరు ఎత్తుల్లో పట్టీలుగా విడదీసే పరీక్ష.

మిథనాల్‌లో తీసిన సారాన్ని సిలికా ప్లేటు మీద 8 మి.మీ. పట్టీలుగా పెట్టి, ద్రావకం 70 మి.మీ. ఎక్కాక ఆపుతాం. 254 నానోమీటర్ల దీపం కింద చూస్తే మనకు కావలసిన సాపోనిన్లు (ఈ మొక్కల్ని గుర్తుపట్టించే రసాయనాలు) దాదాపు కనబడవు. అనిసాల్డిహైడ్-సల్ఫ్యూరిక్ ఆమ్లం పట్టించి 100 డిగ్రీల దగ్గర వేడిచేయాలి. అప్పుడు ఊదారంగు పట్టీలు ఒక్కొక్కటే పైకి తేలతాయి. పక్క వరుసల్లో బకోపాలో ఉండే బకోసైడ్, సరస్వతిలో ఉండే ఆసియాటికోసైడ్ ప్రమాణ నమూనాలు ఉంటాయి కాబట్టి ఏది ఏదో అక్కడికక్కడే తేలిపోతుంది.

నాకు దీని మీద గురి కుదిరింది ఒక సరఫరాదారు పంపిన సరుకుతో. బకోసైడ్ శాతం సరిపోయిందని కాగితం చెప్పింది. ప్లేటు మీద మాత్రం ఆసియాటికోసైడ్ ఎత్తులోనూ చిక్కటి పట్టీ వచ్చింది. రెండూ కలిపేశారు! హెచ్‌పీఎల్‌సీలో (రసాయనం ఎంతుందో కొలిచే మరో పరీక్ష) బకోసైడ్ ఒక్కదాన్నే లెక్కగట్టి ఊరుకుంటే ఈ కల్తీ దాటిపోయేది. అందుకే మొక్క ఏదో తేల్చడానికి నా మొదటి ఓటు హెచ్‌పీటీఎల్‌సీకే. ఎంత ఉందో లెక్కకు హెచ్‌పీఎల్‌సీ ఎలాగూ కావాలి.

వానాకాలంలో మాత్రం విసిగిస్తుంది. సిలికా గాలిలో తేమ పీల్చుకుని పట్టీల ఎత్తు మారిపోతుంది; నిన్నటి ప్లేటుతో ఇవాళ్టిది పోల్చలేం. సంతృప్త మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణంతో తేమను 33 శాతం దగ్గర నిలబెట్టడం మొదలెట్టాకే కుదురుకుంది. ఈ ఏర్పాటు లేని యంత్రాన్ని కోస్తాలో కొనొద్దు.

బాగా దగ్గరి జాతులైతే రసాయనాలూ ఒకేలా ఉండొచ్చు, అక్కడ డీఎన్‌ఏ పరీక్ష మేలు. కానీ కాచి వడగట్టిన సారంలో పనికొచ్చే డీఎన్‌ఏ మిగలడం అరుదు, మళ్లీ ప్లేటు దగ్గరికే రావాలి. కొత్తగా పెట్టుకునేవాళ్లు ముందు వృక్షశాస్త్రజ్ఞులు ధ్రువీకరించిన మొక్కల నమూనాలు సంపాదించుకోండి, యంత్రం సంగతి తర్వాత.