మూడేండ్ల నుంచి నానో వీఎన్ఏతోని లాన్ ట్రాన్స్‌ఫార్మర్లు కొలుస్తున్న

నాది మిర్యాలగూడ, రైస్ మిల్లులల్ల కెమెరాలు, నెట్‌వర్క్ పని చూస్త. మూడేండ్ల కింద ఒక మిల్లుల కొత్త స్విచ్ పెట్టినం, ఎలివేటర్ మోటర్ డ్రైవ్ ఆన్ చేయంగనే నాలుగు కెమెరాలు పోతుండె, బంద్ చేస్తే మళ్ల వస్తుండె. పాత స్విచ్‌కి అదే కేబుల్‌తోని ఏం కాలే. డ్రైవ్ నాయిస్ కొత్త స్విచ్ లోపలికి దాటుతున్నదేమోనని, రెండు స్విచ్‌లల్ల లాన్ ట్రాన్స్‌ఫార్మర్లు (కేబుల్ సాకెట్‌కి, లోపలి చిప్‌కి నడుమ ఉండే చిన్న పార్ట్‌లు) పీకి కొలుద్దామని అప్పుడు కొన్న ఈ నానో వీఎన్ఏని. ఒక పోర్ట్‌ల నుంచి సిగ్నల్ ఇచ్చి, ఇంకో పోర్ట్‌కి ఎంత చేరిందో ఒక్కో ఫ్రీక్వెన్సీ కాడ చూపించే చిన్న మీటర్ ఇది.

పద్ధతి అల్కగనే ఉంటది. జతల రెండు వైర్లు కలిపి ఒక పోర్ట్‌కి, అవతలి పక్క రెండు కలిపి రెండో పోర్ట్‌కి ఇస్తే రెండు వైర్ల మీద ఒక్కతీరుగ వచ్చే నాయిస్ (దీన్నే కామన్ మోడ్ అంటరు) ఎంత దాటుతున్నదో ఎస్21ల, అంటే ఒకటో పోర్ట్ నుంచి రెండోదానికి చేరిన సిగ్నల్ గీతల కనపడ్తది, గీత ఎంత కిందికుంటే అంత మంచిది. డేటాషీట్లల్ల 100 మెగాహెర్ట్జ్ కాడ 30 డీబీ చుట్టుపక్కల రాస్తరు, అంటే గీత సున్నా నుంచి అంత కిందికి ఉండాలె, నంబర్ ఎంత పెద్దగుంటే అంత మంచిది.

నాకు మాత్రం మంచి పార్ట్‌కే 17 వచ్చింది, వారం రోజులు మీటర్‌నే అనుమానపడ్డ. తప్పంత నా ఫిక్చర్‌ది (పార్ట్‌ని మీటర్‌కి కలిపే ఏర్పాటు), వైర్లు రెండేసి అంగుళాలు వదిలిన, గ్రౌండ్ సన్న వైర్‌తోని కలిపిన. కాపర్ క్లాడ్ (రాగి పొర ఉన్న బోర్డు) ముక్క మీద ఎస్ఎంఏ కనెక్టర్లు పెట్టి, వైర్లు బియ్యపు గింజంతనే ఉంచి, రెండు పక్కల మధ్యల రాగి రేకు నిలబెట్టి సోల్డర్ చేసినంక అదే పార్ట్ 33 చూపించింది. ఇప్పుడైతే పార్ట్ పెట్టకముందే ఖాళీ ఫిక్చర్ కొలుస్త, గీత మైనస్ 60 డీబీ కన్న కిందికి దిగకపోతే ఆ రోజు రీడింగ్ నమ్మ. సెంటర్ ట్యాప్ (చుట్ట నడుమ నుంచి తీసిన వైర్) సంగతి కూడ రాసి పెట్టుకోండి, వదిలేస్తే ఒక నంబర్, కెపాసిటర్‌తోని గ్రౌండ్ చేస్తే ఇంకో నంబర్ వస్తది.

కొత్త స్విచ్‌ది అదే ఫిక్చర్‌ల 14. పగలగొట్టి చూస్తే ట్రాన్స్‌ఫార్మర్ రింగ్ ఒక్కటే ఉంది, పక్కన ఉండాల్సిన కామన్ మోడ్ చోక్ (ఆ నాయిస్‌ని ఆపే చుట్ట) రింగే లేదు! స్విచ్ మార్చినం, రెండు యాసంగులు అయిపోయినయ్, డ్రైవ్ నడుస్తుంటె కూడ కెమెరాలు పోతలేవు.

కష్టాలు కూడ ఉన్నయ్. స్క్రీన్ చిన్నది, ఎండల ఏం కనపడదు. నా దాంట్ల ఒక్క స్వీప్‌కి (కింది ఫ్రీక్వెన్సీ నుంచి పై దాక ఒకసారి కొలుచుడు) 101 పాయింట్లే, అందుకే నేను కంప్యూటర్‌ల నానో వీఎన్ఏ సేవర్ సాఫ్ట్‌వేర్‌ల ముక్కలు ముక్కలు చేసి స్వీప్ పెడ్త. రేంజ్ మారిస్తే క్యాలిబ్రేషన్ (కొలిచే ముందు మీటర్‌ని సరిచేసుకునుడు) మళ్ల చేయాలె. 300 మెగాహెర్ట్జ్ దాటితే నాయిస్ ఫ్లోర్ (మీటర్ సొంత నాయిస్) పైకొస్తది, లాన్ పనికి అంతదాక పోయే పని లేదు గని డిఫరెన్షియల్ సిగ్నల్‌ల (రెండు వైర్ల మీద ఎదురెదురుగ పోయే అసలు డేటా) ఎంత కామన్ మోడ్‌గ మారుతున్నదో చూడాల్నంటే రెండు పోర్ట్‌లు సాలవు, బాలన్ (మీటర్ ఒంటి వైర్ సిగ్నల్‌ని ఎదురెదురు జతగ మార్చే చుట్ట) కట్టుకోవాలె, అది నేనింక కట్టలే. ఎస్ఎంఏ పోర్ట్‌లకు మాత్రం కొన్ననాడే అడాప్టర్ బిగించి ఉంచుండ్రి, నాది తిప్పి తిప్పి మొన్న వదులైంది.