ఫ్లట్టరా, రియాక్ట్ నేటివా, అయానిక్కా: ఏది మేలు?

"అన్నా, ఒకే కోడ్‌తో వెబ్‌సైట్, ఆండ్రాయిడ్ యాప్, ఐఫోన్ యాప్ మూడూ రావాలి. ఏది నేర్చుకోమంటావ్?" అమీర్‌పేటలో కోర్సు చేసి వచ్చిన తమ్ముళ్లు నన్ను తరచూ అడిగేది ఇదే. నేను ముందు ఒక్కటే తెలుసుకుంటాను. జనం నీ దగ్గరికి వచ్చేది బ్రౌజర్‌లోంచా, ప్లే స్టోర్‌లోంచా? అది తేలితే సగం పని అయిపోయినట్టే.

ఫ్లట్టర్, రియాక్ట్ నేటివ్, అయానిక్ అనేవి ఇందుకు వాడే ఫ్రేమ్‌వర్క్‌లు, అంటే యాప్ కట్టడానికి ముందే సిద్ధం చేసి పెట్టిన సరంజామా. మూడూ ఓపెన్ సోర్సే, అంటే కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు. అసలు తేడా ఏమిటంటే, తెర మీద కనిపించేదాన్ని ఎవరు గీస్తున్నారు అన్నది.

అయానిక్ 2013లో వచ్చింది. మనం రాసేది వెబ్ పేజీలకు వాడే మామూలు హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్. ఫోన్‌లో అది వెబ్‌వ్యూలో, అంటే యాప్ లోపలే ఉండే బ్రౌజర్‌లో నడుస్తుంది. కెమెరా, జీపీఎస్ లాంటివి కావాలంటే, వెబ్ కోడ్‌ని ఫోన్‌తో కలిపే కెపాసిటర్ అనే సాధనం ప్లగిన్లు ఉన్నాయి. మొదట్లో యాంగ్యులర్ అనే జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్ వస్తేనే దీని జోలికి వెళ్లగలిగేవాళ్లం. 2019లో 4వ వెర్షన్ వచ్చాక అలాంటివే అయిన రియాక్ట్, వ్యూ వచ్చినవాళ్లకూ దారి తెరుచుకుంది. ఫేస్‌బుక్ 2015లో బయటపెట్టిన రియాక్ట్ నేటివ్‌లోనూ రాసేది జావాస్క్రిప్టే, అదీ రియాక్ట్ పద్ధతిలోనే. కానీ కనిపించే బటన్లు, అక్షరాలు ఆ ఫోన్ సొంతవి. గూగుల్ వాళ్ల ఫ్లట్టర్ 1.0 2018 డిసెంబర్‌లో వచ్చింది. భాష డార్ట్. ఫోన్ ఇచ్చే బటన్లను అది వాడుకోదు, ప్రతి పిక్సెల్‌నూ తానే గీసుకుంటుంది. అందుకే అన్ని ఫోన్లలోనూ ఒకేలా కనిపిస్తుంది, కదలికలు చాలా నునుపుగా ఉంటాయి.

ఫోన్‌లో వరంలా కనిపించే ఆ గుణమే వెబ్‌కి వచ్చేసరికి ఇబ్బంది పెడుతుంది. ఫ్లట్టర్ వెబ్ పేజీని బ్రౌజర్ కాన్వాస్ మీద బొమ్మలా గీస్తుంది. గూగుల్ సెర్చ్‌కి కావాల్సిన హెచ్‌టీఎంఎల్ పాఠ్యం అందులో ఉండదు. పాఠ్యం నిండుగా ఉండే పేజీలకు మామూలు హెచ్‌టీఎంఎల్ వాడుకోమని ఫ్లట్టర్ డాక్యుమెంటేషనే చెబుతుంది.

తెలుగులో యాప్ చేసేవాళ్లు ఇక్కడ కాస్త ఆగి చూడాలి. మనం తెలుగు ఫాంట్ జత చేయకపోతే, ఫ్లట్టర్ వెబ్ నోటో ఫాంట్‌ని అప్పటికప్పుడు నెట్ నుంచి తెచ్చుకుంటుంది. అది వచ్చేదాకా అక్షరాల చోట డబ్బాలు కనిపిస్తాయి. నెట్ బాగుంటే క్షణం పనే. సిగ్నల్ సరిగా లేని ఊళ్లో మాత్రం, తెలుగు చదువుదామని తెరిచినవాళ్లకి డబ్బాలే మిగులుతాయి. మండలి లాంటి ఫాంట్‌ని యాప్‌లోనే పెట్టేస్తే ఆ బాధ తప్పుతుంది, కానీ ఆ సంగతి ముందే తెలిసి ఉండాలి. అయానిక్‌లో అక్షరాలు మామూలు వెబ్ పేజీలో కనిపించినట్టే కనిపిస్తాయి. సెలెక్ట్ చేసుకోవచ్చు, కాపీ చేసుకోవచ్చు, పేజీలో వెతుక్కోవచ్చు. రియాక్ట్ నేటివ్‌లో లైన్ హైట్, అంటే ఒక్కో వరుసకి ఇచ్చే ఎత్తు, ఇంగ్లీషు కొలతకి పెడితే "స్త్రీ", "రాష్ట్రం" లాంటి మాటల్లో కింది ఒత్తులు తెగిపోతాయి. కొలత పెంచితే సరిపోతుంది. మూడింటిలో ఏది వాడినా ఈ రెండు మాటలూ తెర మీద రాసి చూడండి.

వేగం సంగతికొస్తే, అయానిక్ నెమ్మది అనే మాట పూర్తిగా అబద్ధం కాదు. తక్కువ ర్యామ్ ఉన్న ఫోన్‌లో వేల వరుసల జాబితాను ఒకేసారి లోడ్ చేస్తే స్క్రోల్ ఆగి ఆగి కదులుతుంది. గేమ్‌కో, మ్యాప్ మీద బండి కదిలే యాప్‌కో నేను దాన్ని సూచించను. ఫారాలు, జాబితాలు, వార్తలు, బిల్లులకైతే ఆ తేడా వాడేవాళ్లకి తెలియదు.

మరి రేపు? అయానిక్ కంపెనీని 2022లో అవుట్‌సిస్టమ్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ కొనేసింది. 2025 ఫిబ్రవరిలో, డబ్బు తీసుకుని ఇచ్చే సేవలను దశలవారీగా ఆపేస్తున్నామని ప్రకటించారు. ఫ్రేమ్‌వర్క్, కెపాసిటర్ ఓపెన్ సోర్స్‌గా కొనసాగుతాయన్నారు. ఆ వార్త విని నాకూ కొంచెం టెన్షన్ వచ్చింది. అయినా అయానిక్ పేజీ అంటే చివరికి వెబ్ పేజీయే, రేపు ఎక్కడికైనా పట్టుకెళ్లొచ్చు. డార్ట్‌లో రాసిన తెరలకి ఫ్లట్టర్ బయట అంత చోటు లేదు. రియాక్ట్ నేర్చుకున్నవాడికి వెబ్ ఉద్యోగాలూ అందుబాటులో ఉంటాయి, తమ్ముళ్లకి ఇది చిన్న విషయం కాదు.

ఏది ఎంచుకున్నా ఐఫోన్ యాప్ బిల్డ్ చేయడానికి మ్యాక్ కావాలి, లేదా క్లౌడ్‌లో బిల్డ్ చేసే సేవ తీసుకోవాలి. యాప్‌ని స్టోర్‌లో పెట్టడానికి ఆపిల్‌కి ఏడాదికి 99 డాలర్లు, ప్లే స్టోర్‌కి ఒక్కసారి 25 డాలర్లు కట్టాలి. వెబ్‌సైట్‌నే యాప్‌లో చుట్టి పంపితే ఆపిల్ తిప్పి పంపుతుంది కాబట్టి, అయానిక్ వాళ్లు యాప్‌కంటూ సొంత ఉపయోగం ఏదో చూపించాలి.

నా మట్టుకు, వెబ్‌సైట్ ప్రధానమై, చేసేది ఒకరిద్దరే అయితే అయానిక్, కెపాసిటర్. ఫోన్ యాపే ప్రాణమైతే, టీమ్‌కి రియాక్ట్ వస్తే రియాక్ట్ నేటివ్. దానికోసం ఉన్న ఎక్స్‌పో అనే సాధనంతో మొదలుపెట్టడం తేలిక. కొత్తగా నేర్చుకుంటూ, తెర మీద ప్రతిదీ తమ డిజైన్ ప్రకారమే ఉండాలనుకునేవాళ్లకి ఫ్లట్టర్. నిర్ణయం తీసుకునే ముందు వీటిలో మీకు నచ్చిన రెండిటిలో ఒకే తెర కట్టి, ఇంట్లో ఉన్న అన్నిటికంటే పాత ఫోన్‌లో వేసి, దాన్ని అమ్మ చేతికివ్వండి.