సైక్లిన్ బీ1 చూడటానికి ఏ యాంటీబాడీ మేలు?

మొన్న బెంగళూరులో బళ్లారి రోడ్డు పక్కన టీ తాగుతుంటే, కొత్తగా పీహెచ్‌డీలో చేరిన అనంతపురం తమ్ముడు అడిగాడు: "అక్కా, సైక్లిన్ బీ1కి ఏ యాంటీబాడీ ఆర్డర్ పెట్టమంటావ్?" కణాన్ని విభజనలోకి నడిపే ప్రోటీన్ అది; దాన్ని వెతికి పట్టుకునేది యాంటీబాడీ. ఏం చేయబోతున్నావని అడిగితే వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్లను సైజు ప్రకారం విడదీసి బ్యాండ్‌గా చూడటం), ఇమేజింగ్, తర్వాత ఐపీ (యాంటీబాడీతో ప్రోటీన్‌ను కణాల నుంచి బయటకు లాగడం) కూడా అన్నాడు. అలాంటప్పుడు జాగ్రత్తగా ఎంచుకోవాలి.

రాబిట్ పాలీక్లోనల్‌తో, అంటే కుందేలు సీరం నుంచి తీసిన యాంటీబాడీల మిశ్రమంతో, నేను బాగా దెబ్బతిన్నాను. ప్రోటీన్‌ను చాలా చోట్ల పట్టుకుంటుంది కాబట్టి సిగ్నల్ గట్టిగా వస్తుంది, నిజమే. మొదటి ట్యూబుతో సైక్లిన్ బీ1 ఉండాల్సిన 55 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువు కొలత) దగ్గర ఒక్కటే శుభ్రమైన బ్యాండ్ వచ్చేది. అదే కేటలాగ్ నంబరుతో కొత్త లాట్ (ఇంకో విడత తయారీ) తెప్పిస్తే, 40 దగ్గర ఇంకో లావుపాటి బ్యాండ్! లైసేట్ (కణాలను పగలగొట్టి తీసిన ద్రవం) పాడైందనుకుని మళ్లీ చేశాను, మెంబ్రేన్ మార్చాను. మూడు వారాలు పోయాయి. చివరికి పాత ట్యూబు అడుగున మిగిలిన 5 మైక్రోలీటర్లతో అదే లైసేట్‌ను పక్కపక్కనే చూస్తే, తేడా యాంటీబాడీదే అని తేలింది. కుందేలు మారితే సీరం మారుతుంది మరి.

మౌస్ మోనోక్లోనల్ ప్రోటీన్‌లో ఒకే చోటును (ఎపిటోప్‌ను) పట్టుకుంటుంది. 1975లో శాస్త్రవేత్తలు కోలర్, మిల్‌స్టీన్ చూపిన హైబ్రిడోమా పద్ధతిలో (యాంటీబాడీ చేసే కణాన్ని క్యాన్సర్ కణంతో కలిపి) తయారవుతుంది. వెస్టర్న్ ఒక్కటే అయితే ఇది చాలు. ఐపీకీ, ఆ తర్వాత బ్లాట్‌కీ రెండింటికీ మౌస్‌దే వాడితే చిక్కు. ఐపీకి వాడిన యాంటీబాడీలోని పెద్ద ముక్క, హెవీ చైన్, 50 దగ్గర మెరుస్తుంది, పైనే ఉన్న మన బ్యాండ్ అందులో కలిసిపోతుంది. ఇమేజింగ్‌లోనూ, పక్కనే చూసే ట్యూబ్యులిన్‌కు (కణం లోపలి సన్నని గొట్టాల ప్రోటీన్) ఎక్కువమంది వాడే డీఎం1ఏ అనే యాంటీబాడీ మౌస్‌దే. రెండూ మౌస్ అయితే మామూలు సెకండరీలతో (మొదటి యాంటీబాడీని పట్టుకునే రంగు యాంటీబాడీలతో) రంగులు విడదీయలేం.

అందుకే నా ఓటు రీకాంబినెంట్ రాబిట్ మోనోక్లోనల్‌కే. దాని సీక్వెన్స్ తెలుసు, జన్యువును కణాల్లో పెట్టి తయారుచేస్తారు, కాబట్టి లాట్ మారినా యాంటీబాడీ మారదు. ధర ఎక్కువే. కానీ ఐదేళ్ల పీహెచ్‌డీకి ఆ నిలకడ కావాలి.

ఏది కొన్నా మొదటి రోజే రెండు లేన్లు నడపాలి: డబుల్ థైమిడిన్‌తో, డీఎన్‌ఏ కాపీ అయ్యే ముందే ఆపిన హేలా కణాలు (ల్యాబులో పెంచే మనిషి క్యాన్సర్ కణాలు) ఒకటి, మైటోసిస్‌లో (కణ విభజనలో) ఆపే నోకోడజోల్ మందు 16 గంటలు పెట్టినవి ఒకటి. సైక్లిన్ బీ1 విభజనకు ముందు దశ జీ2లో పెరిగి, మైటోసిస్‌లో నిండుగా ఉండి, క్రోమోజోములు విడిపోయే అనాఫేజ్ నాటికి ఏపీసీ అనే ప్రోటీన్ల గుంపు చేతిలో ధ్వంసమవుతుంది. 1982లో బ్రిటిష్ శాస్త్రవేత్త టిమ్ హంట్ సీ అర్చిన్ (ముళ్లున్న సముద్ర జీవి) గుడ్లలో గమనించింది కూడా ఇలాంటి బ్యాండే, కణం చీలిన ప్రతిసారీ మాయమయ్యేది. మొదటి లేన్ వెలవెలబోయి రెండోది నల్లగా రావాలి. రెండూ ఒకేలా వస్తే ఆ ట్యూబును నమ్మలేం.

నా ఫ్రీజర్‌లో ఉన్న ఆ రెండు లైసేట్లూ వాడికి కొంచెం కొంచెం ఇచ్చాను. లాట్ నంబరు నోట్‌బుక్‌లో రాసుకోమన్నాను. కొత్త లాట్ సరిచూసేదాకా పాత ట్యూబులో చివరి 10 మైక్రోలీటర్లు ముట్టుకోవద్దన్నాను.